నడుం తాడు ముడి పడే చోట

నేను మత్తు డాక్టర్ని. పదవీ విరమణ చేసినా ఆ పేరు నన్ను వదల్లేదు. నెల్లూరులో మా వీధికి వచ్చే కూరగాయల బండి అతను కూడా "మత్తు డాక్టరమ్మా, వంకాయలు లేతగా ఉండాయి, చూడండి" అనే పిలుస్తాడు. ఆపరేషన్ బాగా జరిగితే దండ సర్జన్ మెడలో పడుతుంది. ఏదన్నా తేడా వస్తే "మత్తు ఎక్కువైందంట" అని ఊరంతా అంటుంది. ఈ పనిలోకి వచ్చే పిల్లలు ముందు ఈ ముక్క మింగి అరిగించుకోవాలి. అరగకపోతే వేరే పని చూసుకోండి, నేనేమీ అనుకోను.

ఈ మధ్య మా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతె ఫోన్ చేసింది. "మేడమ్, మా ఆసుపత్రికి రోబో వస్తోంది. బొడ్డులో ఒక్క రంధ్రం పెట్టి ఆపరేషన్లు చేస్తారట. నేను ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?" అని అడిగింది. యంత్రం గురించి పుస్తకాల్లో ఉంది, కంపెనీ వాళ్ళు వచ్చి నేర్పుతారు. వాళ్ళు నేర్పనిది ఒకటుంది. అది ఫోన్‌లో చెబితే తేలేది కాదని ఇలా రాస్తున్నాను.

మరమనిషి కథ

మొదట ఒక అపోహ వదిలించుకుందాం. రోబో ఎవరినీ కొయ్యదు. మంచం పక్కన నాలుగు చేతులతో నిలబడి ఉంటుంది, అంతే. కాస్త దూరంలో ఒక పెట్టె ముందు సర్జన్ కూర్చుని, తల అందులో పెట్టి, వేళ్ళు కదిలిస్తుంటే ఇక్కడ దాని చేతులు కదులుతాయి. సర్జన్ చెయ్యి వణికినా అది వణకదు. మన మణికట్టు తిరగలేని వైపు కూడా దాని మణికట్టు తిరుగుతుంది. ఇవి నిజమైన లాభాలే, నేను కాదనను.

మా ఆసుపత్రికి అది వచ్చిన రోజు పెళ్ళికూతురు దిగినంత హడావిడి. కొబ్బరికాయ కొట్టారు, బొట్టు పెట్టారు. మా వార్డ్‌బాయ్ ఒకడు దాని చక్రాల కింద నిమ్మకాయలు పెట్టబోతే థియేటర్ ఇన్‌ఛార్జ్ విజయ సిస్టర్ "ఇదేమన్నా లారీనా, తియ్యరా!" అని గదమాయించింది. విజయ సిస్టర్ కేక వేసిందంటే మత్తులో ఉన్న పేషెంటు కూడా సర్దుకుని పడుకుంటాడని మా జోకు.

బొట్టు చెరిగిపోక ముందే నేనొక గొడవ మొదలుపెట్టాను. ఆ చేతులు పేషెంటు పొట్టలో బిగించాక మంచం కదపకూడదు. పేషెంటు ఒక్క దగ్గు దగ్గినా లోపల పరికరం గీరుకుపోతుంది. సర్జన్ ఏమో దూరంగా పెట్టెలో తల పెట్టి ఉంటాడు. గుండె ఆగితే ఛాతీ మీద చెయ్యి వెయ్యాలన్నా ముందు ఆ చేతులన్నీ ఊడదీసి యంత్రాన్ని వెనక్కి నెట్టాలి. కాబట్టి ఊడదీయడం సాధన చెయ్యకుండా ఒక్క కేసుకు కూడా నేను మత్తివ్వనని కూర్చున్నాను. మంచం మీద బియ్యం బస్తా పడుకోబెట్టి, నేను "ఆపండి!" అని అరవడం, అందరూ పరిగెత్తడం. మొదటిసారి ఒకరి కాలు ఒకరు తొక్కుకున్నారు. బస్తా కిందపడింది. అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను. నవ్వు అయ్యాక మళ్ళీ చేయించాను. నవ్వుకుంటూనే నేర్చుకున్నారు, చేతులు దారికొచ్చాయి.

ఇంకో నియమం కూడా పెట్టాను. "ఆపండి" అనే మాట గదిలో ఎవరన్నా అనొచ్చు. గది తుడిచే మనిషి అన్నా ఆపాల్సిందే, ఎందుకన్నావని కోప్పడకూడదు. దీనికి సర్జన్లు కొంత ముఖం మాడ్చుకున్నారు. మాడ్చుకోనివ్వండి.

పెంచలయ్య నేర్పిన పద్ధతి

రోబో రాకముందే, చేత్తోనే, బొడ్డు దగ్గర ఒకే రంధ్రం పెట్టి పిత్తాశయం తీసే ఆపరేషన్లు మా దగ్గర కొన్ని జరిగాయి. చేసింది రామిరెడ్డి గారు. మా పెద్ద సర్జన్, నాకు ఒక రకంగా గురువు. నోరు కటువు, చెయ్యి వెన్న. మామూలు పద్ధతిలో పొట్ట మీద మూడు నాలుగు చోట్ల చిన్న చిన్న రంధ్రాలు పడతాయి. ఈ పద్ధతిలో ఒక్కటే, కానీ పరికరాలన్నీ అందులోంచే పోవాలి గనుక అది కాస్త పెద్దది. మచ్చ బొడ్డు మడతలో దాక్కుంటుంది. చూడ్డానికి ఆపరేషనే జరగనట్టుంటుంది.

చిల్లకూరు దగ్గర హైవే మీద లారీలకు బస్తాలెత్తే పెంచలయ్యకు అలా చేశారు. చక్కగా కోలుకున్నాడు. మచ్చ కనపడని పొట్టకు ఫోటో కూడా తీసుకున్నాం. ఏడాది తిరిగేసరికి చొక్కా ఎత్తుకుని వచ్చాడు. బొడ్డు దగ్గర నిమ్మకాయంత ఉబ్బు. బస్తా ఎత్తితే బయటికొస్తుంది, పడుకుంటే లోపలికి పోతుంది. కుట్టిన చోట పొట్ట గోడ విచ్చుకుంది. రంధ్రం పెద్దదయ్యే కొద్దీ ఆ భయం కూడా పెద్దదవుతుంది.

వేరే డాక్టరైతే "నువ్వు బరువులెత్తడం వల్లే" అని వాడి మీదకు తోసేసేవాడు. రామిరెడ్డి గారు అలా అనలేదు. కుర్చీ దగ్గరకు జరుపుకుని "నేను కోసిన చోటే ఉబ్బింది నాయనా. నేనే సరి చేస్తా" అన్నారు. సరి చేశారు కూడా. తర్వాత నన్ను కాఫీకి పిలిచి, "ఏమ్మా, వాడి కొలెస్ట్రాల్ అడిగాం, షుగర్ అడిగాం, వాడు పొద్దున లేచి ఏం చేస్తాడో ఎవరమూ అడగలేదే" అన్నారు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. అప్పటినుంచి ఆపరేషన్‌కు ముందు నా దగ్గరకు పరీక్షకు వచ్చే ప్రతి పేషెంటునూ ఒకటి అడగడం మొదలుపెట్టాను. "నీ పని చేసి చూపించు." చెప్పమని కాదు, చేసి చూపించమని. నాట్లు వేసే ఆమె నా గదిలో వంగి నాటి చూపించింది. రొయ్యల గుంటలో మేత చల్లే అతను చేట పట్టుకున్నట్టు చేతులూపుకుంటూ గదంతా తిరిగాడు. బయట కూర్చున్న వాళ్ళు నాకు పిచ్చి పట్టిందనుకున్నారు. అనుకుంటే అనుకోనీ, నోటితో చెప్పనివి ఒళ్ళు చెబుతుంది.

దుప్పటితో వల

ఇక అసలు కథ. రామిరెడ్డి గారు తప్పుకున్నాక ఆయన స్థానంలో ప్రతాప్ వచ్చాడు. కుర్రాడు, చురుకు, అహంకారం లేదు గానీ ఉత్సాహం మాత్రం పొంగుకొచ్చే పాలు. రోబోతో బొడ్డు దగ్గర ఒక్క రంధ్రం ఆపరేషన్ మా జిల్లాలో తనే మొదలుపెట్టాలని ఆశ. అందుకు అన్ని విధాలా సరిపోయిన పేషెంటు దొరికాడు. పోలయ్య. బోగోలు వైపు సముద్రం ఒడ్డు పల్లె. సన్నగా, గట్టిగా, రొయ్యకు కండ పట్టినట్టుంటాడు. పిత్తాశయంలో రాళ్ళు. షుగర్ లేదు, బీపీ లేదు. పేరు రాసేసుకున్నారు. చూడటానికి పక్క ఊళ్ళ డాక్టర్లను కూడా పిలిచాడు ప్రతాప్.

పోలయ్య నా గదికి వచ్చినప్పుడు భార్య మంగమ్మ కూడా వచ్చింది. నేను ఊపిరితిత్తులు, పళ్ళు చూశాను. "ఒక్క రంధ్రమే కావాలన్నావంట, ఎందుకు?" అని అడిగాను.

"ఉప్పునీళ్ళు తగిలితే నాలుగు చోట్ల మండేదానికన్నా ఒక్కచోట మండేది మేలు గదా డాక్టరమ్మా" అన్నాడు. లెక్క బాగానే ఉందనిపించింది.

"అదేం గాదమ్మా," అంది మంగమ్మ. "రోబో చేస్తాదంట, ఎవురికీ దొరకదంట అని బోగోలు సంత దాకా చెప్పేసినాడు. పిల్లకాయలందురూ రోబో మామా, రోబో మామా అంటా ఉండారు."

పోలయ్య సిగ్గుపడి నవ్వాడు. పొట్ట చూద్దామని చొక్కా ఎత్తమన్నాను. నడుం చుట్టూ, సరిగ్గా బొడ్డు మీదుగా, ఒక నల్లటి పట్టీలా చర్మం మందమెక్కి, నున్నగా మెరుస్తోంది. మొలతాడు దానికి కింద వేరేగా ఉంది.

"ఇదేంది?"

"అది తాడు ఒరుసుకునే చోటు, తల్లీ."

"ఏ తాడు? చేసి చూపించు."

పోలయ్య అటూ ఇటూ చూసి, పరీక్ష మంచం మీది దుప్పటి తీసుకున్నాడు. తాడులా మెలిపెట్టి నడుం వెనకనుంచి తిప్పి ముందు ముడేశాడు. రెండో కొస నా కిటికీ ఊచకు కట్టాడు. "ఒడ్డున నిలబడి లాగే పెద్ద వల అమ్మా. పడవలో పోయి సముద్రంలో వల చుట్టేసి వస్తాం. రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకు తెస్తాం. ఇంక మనుషులం నడుముకు తాడు కట్టుకొని, అదిగో, ఇట్ట." వెనక్కి వాలాడు. ఒళ్ళంతా ఏటవాలుగా బిగుసుకుంది. కాళ్ళు నేలను తన్నుతూ ఒక్కో అడుగు వెనక్కి వేస్తున్నాడు. దుప్పటి ముడి బొడ్డు మీద రాయిలా బిగుసుకుంది. కిటికీ ఊచ కిర్రుమంది. విజయ సిస్టర్ తలుపు తీసి "అయ్యో రామా, మేడమ్! పేషెంటు కిటికీ పీకుతున్నాడు!" అని కేకేసింది.

"చేతులతో లాగవా?" అని అడిగాను.

"చేతులెంత సేపు ఓపుతాయమ్మా? చేతులు పట్టుకునేదానికే. లాగేదంతా నడుమే, పొట్టే."

మంగమ్మ నవ్వుతూనే అంది, "పొట్ట బిగదీయలేనోడిని తాడు కాడికి రానీరు. మా బావ గారికి బొడ్డు కాడ ఉబ్బు వచ్చినాక ఇంటికాడ కూర్చోని వలలు బాగు చేస్తా ఉండాడు. ఒడ్డుకొచ్చి తాడు తట్టు చూస్తా నిలబడతాడు, పాపం." ఆ మాట అన్నాక ఆమె నవ్వు ఆగిపోయింది.

నాకు పెంచలయ్య నిమ్మకాయ ఉబ్బు కళ్ళముందు కనపడింది. ప్రతాప్ పెద్ద రంధ్రం పెట్టబోయేది ఆ ముడి పడే చోటే.

చేతనైనా చెయ్యకపోవడం

ప్రతాప్‌తో మాట్లాడాను. మాట్లాడాననడం మర్యాద, పోట్లాడాను.

"మేడమ్, నేను బాగా కుడతాను. పొర పొర కలిపి గట్టిగా కుడతాను" అన్నాడు.

"నీ కుట్టును నేను శంకించడం లేదు. అతని తాడును శంకిస్తున్నాను."

"నడుముకు తాడు కట్టుకునే వాళ్ళకు చెయ్యొద్దని ఏ పరిశోధనలోనూ లేదు."

"పరిశోధనలో లేదు నాయనా, పొట్ట మీద ఉంది. పోయి చూడు."

"పక్క ఊళ్ళనుంచి డాక్టర్లు వస్తున్నారు మేడమ్!"

"వస్తే కాఫీ ఇద్దాం."

అతను విసురుగా వెళ్ళిపోయాడు. నాకూ కోపం వచ్చింది. మత్తు ఇవ్వనని భీష్మించుకుని కూర్చోవచ్చు, అధికారం ఉంది. కానీ పిల్లలూ, అలా గెలిస్తే వచ్చే కేసులో ఇలాంటివి మన దాకా రానివ్వరు. సర్జన్ తనంతట తానే ఒప్పుకోవాలి. నేను ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు ఎంత కష్టమో మా ఇంట్లో వాళ్ళనడగండి.

సాయంత్రం వార్డులోకి పోతే ప్రతాప్ పోలయ్య మంచం పక్కన నిలబడి ఉన్నాడు. పోలయ్య పొట్ట మీద ఆ నల్ల పట్టీని వేలితో తడుముతున్నాడు. చాలాసేపు తడిమి, "పోలయ్యా, ఒక్క రంధ్రంతో నేను చెయ్యగలను. కానీ నీకు చెయ్యను" అన్నాడు. "చిన్నవి నాలుగు పెడతాను. పెద్దది రొమ్ము ఎముక కింద పెడతాను. తాడు పడే చోట కొయ్యను."

పోలయ్య ముఖం వాడిపోయింది. "అదేంది సార్! ఊరంతా చెప్పేసినానే. రోబో లేదా అయితే?"

"లేదు. చిన్న రంధ్రాలకు నా చేతులు చాలు."

"నేనేం తప్పు చేసినా సార్?"

ప్రతాప్ నోరు తెరిచేలోపు మంగమ్మే అందుకుంది. "ఏమయ్యా, నీకు తాడు కావాల్నా, బడాయి కావాల్నా? ఒకటే చెప్పు!"

వార్డంతా గొల్లుమంది. పోలయ్య నడుం తడుముకున్నాడు. "తాడే" అన్నాడు చివరికి. "కానీ ఆ రోబోను ఒక్కసారి చూపించాల."

ఆపరేషన్ రోజు పొద్దున ఇంకో తమాషా. విజయ సిస్టర్ పొట్ట శుభ్రం చేస్తుంటే మందు అంటుకోకుండా జారిపోతోంది. చూస్తే బొడ్డు నిండా ఆముదం. మత్తు మందు వేడి చేస్తుందని మంగమ్మ చలవకు పెట్టింది. విజయ సిస్టర్ తిట్టుకుంటూ రెండు మూడుసార్లు తుడిచింది. కోసే చోటు దగ్గర నూనె ఉంటే శుభ్రం కుదరదు, సూక్ష్మజీవులు పోవు. మీరు కూడా అడగడం మరిచిపోకండి, మన వైపు బొడ్డులో ఆముదం పెట్టని ఇల్లు లేదు.

లోపలికి తీసుకుపోయేటప్పుడు మాట ప్రకారం ట్రాలీ ఆపి, ప్లాస్టిక్ ముసుగు వేసుకుని మూల నిలబడ్డ యంత్రాన్ని చూపించాను. పోలయ్య తల ఎత్తి చూశాడు. "ఓస్, ఇదేనా? ఎండ్రకాయ మాదిరి ఉండాదే!" అన్నాడు. ఆ నవ్వు ముఖంతోనే మత్తులోకి జారిపోయాడు. వచ్చిన డాక్టర్లు కాఫీ తాగి మామూలు ఆపరేషన్ చూసి వెళ్ళారు. ఒకాయన మాత్రం వెళ్తూ "కిటికీ ఊచ ఏది?" అని అడిగి చూసి వెళ్ళాడు.

ఇంకో రంధ్రం

రోబోతో మొదటి ఒక్క రంధ్రం ఆపరేషన్ ఆ తర్వాత అల్లూరు టీచరమ్మ ఒకామెకు జరిగింది. నా గదిలో ఆమె పని చేసి చూపించమంటే నిలబడి ఎక్కాలు చెప్పింది, సుద్దముక్క విసిరింది. పొట్టకు ప్రమాదం లేదని తేల్చాం.

ఆపరేషన్ సగంలో ఒక చోట ఆగింది. పిత్తాశయం చుట్టూ వాపు, కోయవలసిన గొట్టం ఏదో, ముట్టుకోకూడని గొట్టం ఏదో కలిసిపోయి ఉన్నాయి. ఈ ఆపరేషన్‌లో ఘోరాలన్నీ అక్కడే జరుగుతాయి. తప్పు గొట్టం కోస్తే ఆ మనిషి జీవితం ఆసుపత్రుల చుట్టూ తిరగడమే. పైగా రోబో చేతికి స్పర్శ ఉండదు, అంతా కంటితోనే తేల్చుకోవాలి. నేను "ఆపండి" అనడానికి నోరు తెరిచాను.

నా కన్నా ముందే పెట్టెలోంచి ప్రతాప్ గొంతు వినపడింది. "నాకు స్పష్టంగా కనపడటం లేదు. ఇంకో రంధ్రం పెట్టండి. అప్పటికీ కనపడకపోతే పొట్ట తెరుస్తాను."

ఇంకోటి పెట్టారు. వేరే వైపు నుంచి పట్టుకుని లాగితే గొట్టాలు విడివిడిగా కనపడ్డాయి. తెరవాల్సిన అవసరం రాలేదు. ఒక్క రంధ్రం అన్న గొప్ప ఆ రోజు పోయింది, టీచరమ్మ మాత్రం క్షేమంగా ఇంటికి పోయింది. నాకైతే ప్రతాప్ వీపు మీద గట్టిగా ఒక దెబ్బ వెయ్యాలనిపించింది. వేశాను కూడా. రోబో ఎంత భద్రమని నన్ను ఎవరన్నా అడిగితే, దాన్ని నడిపే మనిషి 'ఇంకోటి పెట్టండి' అనగలిగినంత భద్రం అని చెబుతాను.

ఒడ్డున

కొన్నాళ్ళు తాడు ముట్టకూడదని పోలయ్యకు గట్టిగా చెప్పి పంపాం. ముట్టకుండా మంగమ్మ కాపలా కాసింది. గడువు తీరాక ఒకరోజు బుట్ట నిండా వంజరం చేప ముక్కలు పట్టుకుని ఇద్దరూ వచ్చారు. "మీరు రావాల. సార్ కూడా రావాల. వల లాగేది చూద్దురు" అన్నాడు పోలయ్య.

ఒక ఆదివారం పొద్దున పోయాం. ఎండ ఇంకా ముదరలేదు. వల అప్పటికే నీళ్ళలో ఉంది. మగవాళ్ళు రెండు వరుసలుగా నిలబడి తాళ్ళు లాగుతున్నారు. వాళ్ళలో ముందు పోలయ్య. బొడ్డు ఉబ్బిన పోలయ్య అన్న పక్కన ఇసుకలో కూర్చుని, తెగిన చోట్లు చూపిస్తూ కేకలు వేస్తున్నాడు.

"సార్, ఒక పట్టు పట్టండి!" అని పోలయ్య ప్రతాప్‌ను లాగాడు. వద్దంటున్నా వినకుండా, ప్యాంటు మీదే నడుముకు తాడు తిప్పి ముందు ముడేశాడు. వల ఒక్క గుంజు గుంజింది. ప్రతాప్ రెండడుగులు సముద్రం వైపు పరిగెత్తి మోకాళ్ళ మీద పడ్డాడు. పల్లె మొత్తం నవ్వింది. నేను నవ్వాపుకోలేక మంగమ్మ భుజం పట్టుకున్నాను.

"ఎదురు నిలబడబాకండి సార్, వెనక్కి వాలండి! బరువంతా పొట్ట మీద ఎయ్యండి!"

లేచాడు. చెప్పినట్టు వాలాడు. తాడు బిగిసింది. ఒక్కో అడుగూ వెనక్కి పడుతుంటే అతని ముఖంలో నవ్వు మెల్లగా తగ్గింది. ఒక చెయ్యి తాడు వదిలి ముడి మీదకు వెళ్ళింది. అక్కడే ఆగింది.

"మేడమ్" అన్నాడు. అలల చప్పుడులో సరిగా వినపడక నేను దగ్గరకు పోయాను. "సరిగ్గా ఇక్కడే మేడమ్. నేను కొయ్యబోయింది ఇక్కడే."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇసుక పడిందని తుడుచుకున్నాను.

"మాటలు తర్వాత సార్, తాడు వదలబాకండి! వల వస్తా ఉండాది!" అని అరిచాడు పోలయ్య.

ప్రతాప్ రెండు చేతులూ తాడు మీద వేసి మళ్ళీ వాలాడు. పోలయ్య అతని కన్నా వెనక్కి, ఇసుకకు వీపు తగులుతుందేమో అన్నంతగా వాలాడు. నేను పోలయ్య పొట్టనే చూస్తున్నాను. ముడి బిగిసి, సడలి, మళ్ళీ బిగిసింది. దాని కింద చర్మం ఎప్పటిలాగే నల్లగా, నున్నగా, చదునుగా ఉంది.